రెండు తాగుళ్లు, ఒకటే వైద్యం
(నారాయణఖేడ్ మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ఇప్పటికే చదివి వినిపించారు. మేము ఇంకో లెక్క చెప్పడానికి నిలబడ్డాం. కల్లు తాగుడు అంటాం, బీడీ తాగుడు అని కూడా అంటాం. మన భాషలో రెండిటికీ మాట ఒకటే. కానీ వైద్యం కాడికి వచ్చేసరికి ఒకదాన్నే జబ్బు అనుకుంటాం, రెండోదాన్ని వదిలేస్తాం. మేము కూడా గట్లనే చేసినం. ఆ తప్పు చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మా సంఘంలో ఒక అక్క ఉంది. పేరు చెప్పొద్దన్నది, ముచ్చట మాత్రం చెప్పమన్నది. ఇంటాయన చెరుకు నరకడానికి పోయిన కాడ మందుకు అలవాటు పడ్డడు. పొద్దున లేవంగనే తాగకపోతే చేతులు వణికేవి. మేమంతా కూర్చుని తీర్మానం చేసి అప్పు ఇచ్చినం. ఆస్పత్రిలో ఉండి, మందు మాని ఇంటికి వచ్చిండు. ఐదు నెలలు చుక్క ముట్టలేదు. కానీ రోజుకు ఒక కట్ట తాగే బీడీలు రెండు కట్టలైనయి. అక్క బాధపడితే మేమే సముదాయించినం: "మందు మానిండు కదా, బీడీ అన్న తాగనియ్యి." అక్క కిరాణా సామానుతో పాటు బీడీ కట్టలు కూడా తెచ్చి పెట్టేది. నెలకు 60 కట్టలు. ఆ పైసలు ఆమె నెల పొదుపు కంటే ఎక్కువ.

బీడీ కోసం పాన్ డబ్బా కాడికి పోయేది. అక్కడ పాత దోస్తులే ఉండేవాళ్లు. బీడీ ముట్టించంగనే గ్లాసు యాదికొచ్చేదని ఆయనే తర్వాత చెప్పిండు. ఒక పెండ్లి దావత్‌లో బీడీ తాగొస్తనని బయటికి పోయి, మందు తాగి వచ్చిండు. కథ మళ్లీ మొదటికి వచ్చింది. అప్పు మాత్రం అట్లనే మిగిలింది.

తర్వాత ఒక డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నాం. మందు, పొగాకు రెండూ మెదడులో హాయినిచ్చే చోటనే పని చేస్తాయట. ఏండ్ల తరబడి రెండూ కలిపి తాగినవాళ్లకు ఒకటి తాగితే రెండోది గుర్తొస్తుంది. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ముప్పు కూడా ఒక్కో అలవాటుతో ఉన్నదాని కంటే రెండూ కలిస్తే ఎన్నో రెట్లు పెరుగుతుంది. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు, మందు వంటి వ్యసనాలకు వైద్యం చేయించుకున్న 845 మంది గురించి 1996లో రాశారు. వారిలో చనిపోయినవాళ్లలో సగం మందికి పైగా పొగాకు జబ్బులతోనే పోయారు. మందు జబ్బులతో పోయినవాళ్లు మూడో వంతు. అంటే మందు నుంచి కాపాడుకున్న మనిషిని బీడీకి అప్పజెప్పినట్టే కదా అక్కలారా!

రెండూ ఒకేసారి మాన్పిస్తే మనిషి తట్టుకోలేడు, మళ్లీ మందుకే పోతాడు అని చాలామంది అంటారు. 2004లో 19 పరిశోధనలను కలిపి చూస్తే, వైద్యంతో పాటు పొగ మానడానికి సాయం దొరికినవాళ్లే మందుకు, మత్తుకు ఎక్కువ కాలం దూరంగా ఉన్నారు. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చెప్తారు. అడగాల్సింది మాత్రం మనమే.

ఒక జాగ్రత్త. బీడీ మానితే చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మొదటి వారం కష్టం, తర్వాత కొన్ని వారాలలో తగ్గుతుంది. దాంతో ప్రాణం పోదు. కానీ రోజూ తాగే మనిషికి మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. 2015లో కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు, అప్పటి మన మెదక్ జిల్లా నుంచి, నిజామాబాద్ నుంచి ఎంతోమంది ఎర్రగడ్డ ఆస్పత్రికి పోయింది మనకు యాదికే ఉంది. అందుకే ఇంట్లో కట్టేసి మాన్పించొద్దు. కూరలో తెలియకుండా పొడులు, గోలీలు కలపొద్దు. ఆస్పత్రికే తీసుకపోవాలె.

మా గ్రామ సంఘం చేసుకున్న తీర్మానాలు ఇవి:

1. వైద్యానికి అప్పు ఇచ్చేటప్పుడు బీడీ, గుట్కా, తంబాకు సంగతి కూడా డాక్టర్‌కు చెప్పమని ఆ ఇంటికి గుర్తుచేస్తాం.

2. ఇంటి సామానులో బీడీ కట్ట తేవొద్దు. మానినందుకు బహుమానంగా అసలే ఇవ్వొద్దు.

3. మానిన మనిషి మళ్లీ తాగితే ఆ అక్కను సమావేశంలో ఎవరూ ఎత్తిపొడవొద్దు. మళ్లీ వైద్యానికి పంపాలె.

4. మత్తు మానడానికి 14446, పొగాకు మానడానికి 1800-11-2356. పైసలు పడని ఈ నంబర్లు రెండూ మినిట్స్ బుక్ అట్ట మీద రాసుకోవాలె.

ఇంకో మాట. మనలో కూడా తంబాకు వేసుకునేవాళ్లం ఉన్నాం. ఇంటాయనను మానమనే ముందు మన కొంగు ముడి విప్పి చూసుకుందాం. బీడీలు చుట్టి బతికే అక్కచెల్లెళ్ల మీద మాకు కోపం లేదు, అది వాళ్ల కూలి.

ఆ అక్క ఇంటాయన మళ్లీ ఆస్పత్రికి పోయిండు. ఈసారి రెండిటి సంగతీ చెప్పిండు. మూడు నెలలైంది. మందు ముట్టలేదు. బీడీ రెండుసార్లు జారి, మళ్లీ మానిండు. గెలిచినం అని మేము చెప్పట్లేదు. ఈసారి మాత్రం "బీడీ అన్న తాగనియ్యి" అని మేము అనలేదు.