జూనియర్ న్యాయవాదుల మాటకు చోటు
(సమాఖ్య సభలో చేసిన ప్రసంగ పాఠము)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో వకీళ్ల ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. మన కేసులు ట్రిబ్యునలుకు పోయినప్పుడు రాత్రి మేలుకొని కాగితములు సిద్ధపరచువారు తరచుగా జూనియర్లే. నల్లకోటు తొడిగినంత మాత్రమున వారు కష్టజీవులు కాకుండ పోరు.

1932 నాటి భాగస్వామ్య చట్టము క్రింద నడచు న్యాయవాద సంస్థలలో, ఒప్పందములో వేరుగా వ్రాసుకొననిచో, వ్యవహారములు నడపు హక్కు భాగస్వాములందరిది. మామూలు విషయములలో వారిలో అధిక సంఖ్యాకుల మాట చెల్లును. జూనియర్లు భాగస్వాములు కారు. పోనీ ఉద్యోగులా? ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది పూర్తికాలపు జీతగాడు కారాదని బార్ కౌన్సిల్ నియమము. అటు యజమానులు కారు, ఇటు ఉద్యోగులు కారు. ఎన్ని గంటల పని, సెలవు ఎప్పుడు, భృతి ఎంత అన్నవి అన్నియు పైనుండి దిగివచ్చును. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతములలో 15,000 రూపాయలు ఇవ్వవలసినదని చెప్పినది. అది సూచనయే, శాసనము కాదు.

మనకు 1952 నుండి రైల్వేలలో పి.ఎన్.ఎం., 1966 నుండి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు జె.సి.ఎం. ఉన్నవి. జీతభత్యములు, వారపు పనిగంటలు, సెలవు విషయములలో జె.సి.ఎం.లో రాజీ కుదరనిచో మధ్యవర్తిత్వమునకు పోవచ్చును. వాటి లోపములు మనకు తెలియనివి కావు. సమావేశములు వాయిదా పడుట మామూలే. అయినను మన మాట వినుట అధికారి దయపై గాక ఒక క్రమముపై ఆధారపడినది.

పెద్దలు తామే ఒక జూనియరును పిలిచి అభిప్రాయమడుగుటను మేము ప్రాతినిధ్యమని అనజాలము. రేపటి భాగస్వామ్యము ఎవరి చేతిలో ఉన్నదో వారి ఎదుట ఒంటరిగా నిలిచినవారు ఏమి చెప్పగలరు? జూనియర్లు రహస్య ఓటుతో ఎన్నుకొన్న ఇద్దరు ముగ్గురు కూర్చొనవలెను. పని పంపకము, గంటలు, భృతి నిర్ణయము కాకముందే వారి ముందుకు రావలెను. కాదన్నచో కారణము వ్రాసి ఇవ్వవలెను. కేసు నడపు తీరు, కక్షిదారు రహస్యములు సీనియర్ల బాధ్యత. అందులో ఓటు ఎవరును అడుగుట లేదు.

ఇందులో మన పని కొంత ఉన్నది. సంఘము కేసులు అప్పగించునప్పుడు, ఆ కార్యాలయములో జూనియర్లకు ఏమి ఇచ్చుచున్నారో, వారి మాట ఎవరు వినుచున్నారో మన శాఖా కార్యదర్శులు అడుగవలెను. ఫీజు చెల్లించునది మనమే గదా!