వైద్యం నుంచి జీవరసాయనానికి: యల్లాప్రగడ సుబ్బారావు దారి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కళాశాలలో నేను చాలా ఏళ్లు జీవరసాయన శాస్త్రం బోధించాను. ఫాస్ఫరస్ కొలిచే ప్రయోగం వచ్చినప్పుడల్లా "ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటున్నామే, ఆ సుబ్బారావు ఎవరు?" అని అడిగేవాణ్ని. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారని చెబితే పిల్లలు ఆశ్చర్యపోయేవారు.

ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటికొచ్చారు. ప్రభుత్వ వైద్య ఉద్యోగం రాలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

అంతకు మించిన దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. తిన్నది ఒంటబట్టనివ్వని జబ్బు అది. అప్పటి వైద్యులకు దాని పేరు తెలుసు గానీ, కుదిర్చే మందు తెలియదు.

హార్వర్డుకు ఆయన వెళ్లింది ఉష్ణమండల వ్యాధుల గురించి చదవడానికే. ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ ఆ డిప్లొమా పూర్తిచేసి, జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. నాకు తోచినంతవరకు, ఆయన వైద్యాన్ని వదిలిపెట్టలేదు. రోగి మంచం దగ్గర దొరకని జవాబును ఒంట్లోని రసాయనాల్లో వెతికారు.

1925లో వారి పద్ధతి వెలువడింది. ద్రావణం ఎంత నీలంగా మారితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ కొలతల పనే వారిని కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్‌కు, తర్వాత ఏటీపీకి చేర్చింది. 1940లో ఆయన లెడర్లీ సంస్థకు వెళ్లారు. అక్కడి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు పనికొచ్చింది. అప్పటికి సోదరులు పోయి ఇరవై ఏళ్లు దాటింది.

మన బడి ఉపాధ్యాయులకు ఒక మనవి. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న పిల్లల పేర్లు మీకు తెలుసు. వాళ్లకు కబురు పెట్టండి. మళ్లీ పరీక్ష రాసే ఫీజు పూర్వ విద్యార్థులం కడదాం. ఆ మొదటి చందా నాది.