ఆటల్లో మోకాలి నొప్పి – అశ్రద్ధ తగదు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సర్వసభ్య సమావేశంలో, సంఘ సభ్యులైన ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సభలో వెన్నశాతం గురించి, దాణా గురించి, బోనసు గురించి మాట్లాడుకోవడం రివాజు. ఈ డ్రిల్లు మాస్టారు మోకాలి సంగతి ఎందుకు ఎత్తాడని మీకు అనిపించవచ్చు. సంక్రాంతికి మన ఊళ్ళలో చెడుగుడు, వాలీబాల్ పోటీలు పెట్టుకుంటాం. పండుగ వెళ్ళిన వారానికి పాలు పోయడానికి వచ్చే కుర్రవాళ్ళలో ఒకరిద్దరైనా కుంటుతూ రావడం ఏటా చూస్తున్నాను. "ఏమిట్రా అబ్బాయ్?" అంటే, "ఆటలో దెబ్బే మాస్టారూ, అదే తగ్గుతుంది" అంటారు.

ఎద్దు కుంటితే మనం ఆ పూటే కాడి దించుతాం. గేదె కాలు ఈడిస్తే పశువైద్యుణ్ణి పిలుస్తాం. బిడ్డ కుంటితే మాత్రం అదే తగ్గుతుందని ఊరుకుంటాం. ఈ మాట ఇతరులను తప్పుపట్టడానికి అనడం లేదు. నేను చేసిన తప్పే చెబుతున్నాను.

1979 సంక్రాంతి పోటీల్లో కూతకు వెళ్ళి, గభాలున వెనక్కు తిరిగాను. పాదం నేలలో నిలిచిపోయింది, ఒళ్ళు తిరిగింది. మోకాటిలో 'టప్'మని చప్పుడైంది. సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత వాచింది. బెణుకు సరిచేస్తానని ఒకాయన వేడినూనె రాసి, కాలు లాగి, గట్టిగా మర్దన చేశాడు. వాపు తీశాక, ఇరవై రోజులకే మళ్ళీ బరిలో దిగాను. అప్పటినుంచి మోకాలు పట్టు తప్పుతూనే ఉంది. ఈనాటికీ గట్టు దిగాలంటే కర్ర కావాలి.

లోపల జరిగేది ఇది. తొడ ఎముకను, కింది కాలి ఎముకను నాలుగు బలమైన కట్లు కలిపి ఉంచుతాయి. వీటిని డాక్టర్లు లిగమెంట్లు అంటారు. వాటిలో రెండు కీలు మధ్యలో కత్తెరలాగా అడ్డంగా ఉంటాయి. పాదం నిలిచి మోకాలు తిరిగినప్పుడు ముందువైపు కట్టు తెగవచ్చు. చప్పుడు వినిపించి, కొద్ది గంటల్లోనే వాపు వస్తే దానినే అనుమానించాలి. ఎగిరి దూకే, గిరుక్కున తిరిగే ఆటల్లో ఆడపిల్లలకు ఈ ప్రమాదం మగపిల్లలకంటే ఎక్కువ. ఎముకల మధ్య నెలవంక ఆకారంలో రెండు మెత్తలున్నాయి. అవి చిరిగితే వాపు మెల్లగా, మర్నాటికి రావచ్చు. ఒక్కోసారి మోకాలు మధ్యలో పట్టేసి చాపడానికి రాదు.

దెబ్బ తగిలిన వెంటనే ఆట మానాలి. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టాలి. రెండు మూడు గంటలకొకసారి, మొదటి రెండు రోజులూ అలా చేయాలి. ఐసును నేరుగా చర్మానికి తగిలించరాదు. క్రేప్ బ్యాండేజి చుట్టి, కాలు దిండ్లమీద ఎత్తుగా ఉంచాలి. పాదం తిమ్మిరెక్కితే కట్టు బిగువైందని గ్రహించి వదులు చేయాలి. ఆ రెండు మూడు రోజులూ కాపడం, మర్దన, కాలు లాగడం పనికిరావు.

కాలు మోపి నాలుగడుగులు వేయలేకపోయినా, మోకాలు వంకర తిరిగినా, పట్టేసినా, గంటల్లోనే బాగా వాచినా, నడకలో పట్టు తప్పుతున్నా ఆలస్యం లేకుండా ఎముకల డాక్టరుకు చూపించాలి. పాదం చల్లబడినా, స్పర్శ తెలియకపోయినా, జ్వరంతోపాటు మోకాలు ఎర్రగా వేడెక్కినా ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళాలి. కట్టు తెగిన ప్రతివారికీ ఆపరేషన్ అవసరం ఉండదు. చేయించుకున్నవారు మాత్రం కండరాలకు వ్యాయామం చేస్తూ కనీసం తొమ్మిది నెలలైనా పోటీ ఆటలకు దూరంగా ఉండాలి. ఇరవై రోజులకే బరిలో దిగిన నావంటివాడికి ఈ లెక్క ఆనాడు తెలియదు.

దెబ్బ లేకుండా వచ్చే నొప్పి వేరు. వాలీబాల్ ఆడేవారికి చిప్ప కింద నొప్పి రావడం పదేపదే ఎగరడం వల్ల. పది, పదిహేనేళ్ళ మధ్య ఎదిగే పిల్లలకు మోకాటి కింద బుడిపె లేచి నొక్కితే నొప్పి పెడుతుంది. ఎదుగుదల ఆగాక చాలామందికి అది సర్దుకుంటుంది. ఈ నొప్పులకు ఆట పూర్తిగా మానడం కాదు, తగ్గించడం మందు. తొడ కండరం బలపడాలి. వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, నొప్పి ఉన్న కాలు చాచి జానెడు ఎత్తి, అయిదు లెక్కపెట్టి దించండి. పదిసార్లు చొప్పున, రోజుకు రెండు పూటలా చేయండి. నొప్పి పెరిగితే ఆపండి.

మళ్ళీ బరిలో దిగేముందు ఈ పరీక్ష చేయండి. తిన్నగా పరుగెత్తి చూడండి, పక్కలకు తిరిగి చూడండి, దెబ్బ తగిలిన కాలిమీద గెంతి చూడండి. రెండో కాలితో సమానంగా, నొప్పీ వాపూ లేకుండా చేయగలిగితేనే ఆట. నొప్పి మాత్ర మింగి ఆడడం, నొప్పిని దాచి దెబ్బను పెంచుకోవడమే.

పోటీలు పెట్టే పెద్దలకు ఒక మనవి. బరిలో రాళ్ళు ఏరించి, నేల గుల్లచేసి తడపండి. సిమెంటు గచ్చుమీద ఆడించకండి. ఆటకు ముందు పది, పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా పిల్లలను పరుగెత్తించండి.

ఇంట్లో తల్లులకు మరొక మనవి. మోకాలు నొచ్చిన బిడ్డను గొంతుక్కూర్చుని పాలు తీయమనవద్దు. మోకాలు పూర్తిగా ముడిస్తే చిప్పమీద ఒత్తిడి బాగా పెరుగుతుంది. తగ్గేవరకు ఒక ఎత్తుపీట వేయండి, లేదా ఆ పని ఇంకొకరు చూసుకోండి.

పిల్లలను ఆడనివ్వండి. నలభై ఏళ్ళు ఆడించినవాణ్ణి, ఆట మానమని చెప్పను. గేదె కుంటితే చూపే శ్రద్ధ బిడ్డ కుంటినప్పుడూ చూపమని మాత్రమే కోరుతున్నాను.