బావి నీళ్లకు తొలి లెక్క



నూనె కోసం డబ్బా పట్టుకుని దుకాణానికి పోతారు. దుకాణదారు మొదట ఖాళీ డబ్బాను తూకం వేస్తాడు. ఆ తర్వాతే నూనె పోస్తాడు. ఖాళీ డబ్బాను తూకం వేయకుండా పోస్తే ఏమవుతుంది? డబ్బా బరువెంతో, నూనె బరువెంతో తేలదు. "తక్కువ పోసినవ్" అని మీరంటారు. "సరిగ్గనే పోసిన" అని అతనంటాడు. రుజువు ఇద్దరి దగ్గరా ఉండదు.

బావి నీళ్ల సంగతీ అంతే. ఊరి పక్కన గని వచ్చింది. కొన్నేళ్లకు నీళ్లు చెడిపోయాయి. గని వల్ల చెడిపోయాయా? ముందు నుంచే అట్లా ఉన్నాయా? గని రాకముందు నీళ్లను పరీక్ష చేయించి రాసి పెట్టుకుంటేనే చెప్పగలం. అదే నీళ్లకు తొలి లెక్క.

కడప జిల్లాలో తుమ్మలపల్లె అనే ఊరు ఉంది. అక్కడి భూమిలో యురేనియం ఉంది. అణు కరెంటు తయారీకి అది కావాలి. యురేనియం కార్పొరేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ అక్కడ గని తవ్వింది. శుద్ధి చేసే కర్మాగారం 2012లో మొదలైంది. అక్కడ రాయిని పొడి చేసి యురేనియం తీసుకుంటారు. మిగిలిన బురదను కె.కె. కొట్టాల దగ్గర కట్టిన పెద్ద చెరువులోకి పంపుతారు.

చుట్టుపక్కల రైతులు బోర్ల నీళ్లు చెడిపోయాయన్నారు. అరటి తోటలు ఎండిపోతున్నాయన్నారు. ఒంటి మీద దద్దుర్లు వస్తున్నాయన్నారు. ఆ చెరువు అడుగున నీళ్లు ఇంకకుండా వేయాల్సిన పొర సరిగా వేయలేదన్నారు. 2018లో ఈ గొడవ కాలుష్య నియంత్రణ మండలి దాకా పోయింది. సంస్థ ఒప్పుకోలేదు. ఆ నేలలోనే యురేనియం ఉంది, అది నీళ్లలోకి సహజంగానే వస్తుంది అన్నది.

ఆ మాటను ఊరికే కొట్టిపారేయలేం. నల్లగొండ బోర్లలో ఫ్లోరైడును ఏ ఫ్యాక్టరీ కలిపింది? అది రాళ్లలో నుంచే వచ్చింది. అట్లాగని, నేలలోనే ఉందని ఎవరు చెప్పినా నమ్మాలా? అదీ కాదు. రైతు చేతిలో తన బోరు పాత లెక్క ఉంటే, మాటకు మాట కాదు, కాగితానికి కాగితం చూపవచ్చు.

అయితే ఒక్క రోజు, ఒక్క సీసా నీళ్లు పరీక్ష చేస్తే తొలి లెక్క అయిపోదు. అంగన్‌వాడీలో పిల్లను ఒక్కసారి తూకం వేసి ఊరుకుంటారా? నెలనెలా వేసి కార్డులో రాస్తారు. నీళ్లు కూడా కాలాన్ని బట్టి మారుతాయి. చారు మరిగిన కొద్దీ ఉప్పు ఎక్కువైనట్టు, ఎండాకాలం నీళ్లు తగ్గితే లవణాలు చిక్కబడతాయి. కొన్ని మాత్రం తొలి వానలకు నేల మీది నుంచి కొట్టుకొచ్చి పెరుగుతాయి. అందుకని రోహిణి ఎండల్లో ఒకసారి, దీపావళి దాటాక ఒకసారి పరీక్ష చేయాలి. రెండు మూడేళ్లు చేస్తే ఇంకా మంచిది.

బావి బావికీ తేడా ఉంటుంది. నారాయణఖేడ్ వైపు ఒక చేను నల్లరేగడి, ఇంకో చేను ఎర్రనేల. "మా బాయి నీళ్లల్ల పప్పు ఉడుకుతది, బోరు నీళ్లల్ల ఉడకదు" అని ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి ఒక్క బావి లెక్కను అన్నిటికీ అంటగట్టరాదు. గనికి ఎగువన ఒకటి రెండు, దిగువన నాలుగైదు బావులు, బోర్లు చూడాలి. గని వచ్చాక మేలుకుంటే? అప్పుడు ఎగువన, గని నీరు చేరని, అదే నేల, అదే లోతు ఉన్న బోరును పోలికకు పెట్టుకోవాలి. తొలి లెక్కంత గట్టిది కాదు గానీ, అసలు లేకపోవడం కంటే నయం.

ఉదాహరణకు ఒక బోరు చూడండి. లీటరు నీళ్లలో యురేనియం వానల తర్వాత 9, ఎండల్లో 18 మైక్రోగ్రాములు వచ్చిందనుకోండి. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగమే మైక్రోగ్రాము. ఏటా 9కీ 18కీ నడుమనే ఉంటే అది ఆ బోరు స్వభావం. గని నడిచాక 20 వస్తే వెంటనే గోల చేయనక్కర్లేదు, మళ్లీ పరీక్ష చేయించాలి. వరుసగా 40, 45 వస్తే మాత్రం గని వాళ్లు జవాబు చెప్పాలి. ఎంత దాటితే జవాబు చెప్పాలో గని మొదలు కాకముందే రాసుకోవాలి. తర్వాత రాసుకుందామంటే ఎవరికి వీలైన హద్దు వాళ్లు గీస్తారు.

ఇంకో సంగతి. తాగే నీళ్ల హద్దు వేరు. యురేనియం 30 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. గని రాకముందే 50 ఉంటే తప్పు గనిది కాదు. కానీ ఆ నీళ్లు తాగరాదు. వేరే నీళ్లు అడగాల్సిందే.

నారాయణఖేడ్ చుట్టుపక్కల యురేనియం గని లేదు. మరి ఈ ముచ్చట ఎందుకు? జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ అనే పారిశ్రామిక వాడకు 12 వేల ఎకరాలకు పైగా అనుకున్నారు. క్వారీ అయినా, ఫ్యాక్టరీ అయినా నీళ్ల లెక్క ఒక్కటే. "నల్లా నీళ్లు వస్తున్నయి గద, బోరుతోని పనేంది" అంటారు కొందరు. బర్రెలు ఏ నీళ్లు తాగుతాయి? చేనుకు ఏ నీళ్లు పారుతాయి?

పెద్ద గనికి, ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే ముందు చాలావాటికి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలని 2006 నిబంధనలు చెబుతున్నాయి. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో కూడా ఉండాలి. అందులో నీళ్ల పరీక్షల పట్టిక ఉంటుంది. ఏ బావి నీళ్లు? ఏ నెలలో తీశారు? ఎన్నిసార్లు? చాలాసార్లు వానాకాలం కాని ఒక్క కాలం లెక్కే ఉంటుంది. "వానల తర్వాత లెక్క ఏది?" అని సభలో లేచి అడగండి. జవాబును రాయించండి.

సీసా పట్టేటప్పుడు బోరును కాసేపు నడవనివ్వాలి. పైపులో నిలిచిన నీళ్లు పోనివ్వాలి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడగాలి. ఊరు, బోరు ఎవరిది, లోతు, తేదీ రాసి అంటించాలి. అవే వివరాలు నోటుపుస్తకంలో ఎక్కించి, పట్టిన వాళ్లూ చూసిన వాళ్లూ సంతకం పెట్టాలి. పరీక్ష కాగితం వచ్చాక దాని నకలు పంచాయతీలో ఒకటి, సంఘం పెట్టెలో ఒకటి ఉంచాలి.