మూగవోయిన సెల్‌ఫోను

నర్సంపేట ప్రాంతపు రైతునకు నేడు సెల్‌ఫోను కేవలము మాటలాడు సాధనము కాదు. 2016లో యు.పి.ఐ. వచ్చిన పిమ్మట అది డబ్బుసంచి అయినది. మద్దతు ధరకు పత్తి అమ్మదలచినవారు కపాస్ కిసాన్ అను యాప్‌లో దినమును ముందుగా నిర్ణయించుకొనవలెనని 2025లో భారత పత్తి సంస్థ ఏర్పాటు చేయగా, అది అంగడికి వాకిలియు అయినది. అట్టి సాధనము ఒక ఉదయమున తయారుచేసినవారి చిహ్నమును మాత్రము చూపి కదలక నిలిచిపోయినచో ఇంటిల్లిపాదికిని కాలుసేతులాడవు. అప్పుడు చేయదగినదేమి, చేయరానిదేమి అన్నదియే నేటి మా ప్రసంగవిషయము.

ఫోనులోని యంత్రభాగములు తమంత తాము ఏమియు చేయలేవు. మీట నొక్కినంతనే ఏది ముందు మేల్కొనవలెను, తెర ఎట్లు వెలుగవలెను అని ఆజ్ఞాపించు ఆదేశములు లోపల నిలిపియుండును. వీనినే ఫర్మ్‌వేర్ అందురు. 1967లో ఆషర్ ఆప్లర్ ఈ మాటను డేటామేషన్ అను అమెరికా పత్రికలో ప్రయోగించెను. మార్పులేని యంత్రమునకును, సులభముగా మార్చదగిన ప్రోగ్రామునకును నడుమ నిలుచునది గనుక ఆ పేరు తగియున్నది. నేడు ఫోనును నడపు మూలవ్యవస్థ నంతటిని వాడుకలో ఈ పేరుతోనే పిలుచుచున్నారు.

పాకాల చెరువు నెరిగిన శ్రోతలకు ఈ సంగతి సులభముగా బోధపడును. కాకతీయులనాటి ఆ చెరువునకు కట్టయు తూములును ఒక ఎత్తు, నిలిచిన నీరు మరియొక ఎత్తు. ఫోనులో ఫర్మ్‌వేర్ తూమువంటిది. మన ఫొటోలు, లెక్కలు, సందేశములు నీటివంటివి. తూము చెడినచో నీరు లోపలనే యున్నను పొలమునకు రాదు. తూమును విప్పి మరల కట్టదలచినచో నీటిని వదలివేయవలసి రావచ్చును. కాబట్టి తొందరపాటు తగదు.

ముందుగా సిమ్ కార్డును తీసి ఇంటిలోని మరియొక ఫోనులో ఉంచవలెను. బ్యాంకు పంపు ఓ.టి.పి.లు దానికే వచ్చును. అత్యవసరమైన పని ఆగదు. పిమ్మట చెడిన ఫోనును మంచి ఛార్జరుతో కొంతసేపు ఉంచి, తయారీదారులు చెప్పిన విధమున బలవంతముగా మరల ప్రారంభించి చూడవలెను. పెక్కు పర్యాయములు ఇంతతోనే గండము గడచును.

అప్పటికిని లేవనిచో కంప్యూటరు నాశ్రయింపవలెను. నిర్ణీతమైన మీటలను నొక్కిపట్టి ఫోనును రికవరీ స్థితికి తెచ్చి, తీగతో కంప్యూటరునకు కలిపినచో, ఫర్మ్‌వేర్‌ను క్రొత్తగా వ్రాయవచ్చును. ఐఫోను విషయమున రెండు మార్గములు కనబడును. అప్‌డేట్ అన్నది లోపలి సంపదను తొలగింపక వ్యవస్థను మాత్రము సరిచేయ యత్నించును. రీస్టోర్ అన్నది అంతయు తుడిచివేయును. మొదటిదానినే ముందు ఎన్నుకొనవలెను. ఫైలు దిగుటకు 15 నిమిషములు మించినచో ఫోను ఆ స్థితినుండి తొలగిపోవచ్చును. బెదరక, ఫైలు పూర్తిగా దిగనిచ్చి మీటలను మరల నొక్కవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలో పద్ధతి తయారీదారును బట్టి మారును. పేరొకటే అయినను నమూనాసంఖ్య వేరైనచో ఫైలును వేరు. పని ముగియువరకు తీగను కదపరాదు.

దుకాణమున నిచ్చువారు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, తుడిచివేతకు అంగీకరించుటకు ముందే లోపలి సంపద మరియొకచోట నున్నదా యని విచారించుకొనుట. నేటి ఫోనులలో సమాచారము రహస్యలిపిలో నుండును. తుడిచినపుడు దాని తాళపుచెవియే నశించును గనుక పిమ్మట ఎంతటి నిపుణుడును దానిని తేలేడు. రెండవది, పాస్‌వర్డు. దొంగలను అరికట్టుటకై ఐఫోనులలో 2013నుండియు, ఆండ్రాయిడ్‌లో 2015నుండియు వచ్చిన కట్టుబాటు ననుసరించి, బాగుపడిన ఫోను పూర్వపు ఖాతాను అడుగును. ఫోను కొన్ననాడు ఖాతాను ఎవరో తెరచియిచ్చి, పాస్‌వర్డు ఇంటిలో నెవరికిని తెలియనిచో, బ్రతికిన ఫోనును తాళము వేసిన ఇల్లే యగును. మూడవది, ఫోనునకు గల 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య. అనుచితమైన ఫైలు వలన అది చెడినపుడు వేరొక సంఖ్యను వ్రాసియిత్తుమను వారు లేకపోలేదు. ఆ సంఖ్యను మార్చుట 2023 టెలికమ్యూనికేషన్ల చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము.

కనుక శ్రోతలారా, ఫోను బాగున్ననాడే చేయవలసిన పనులు ఇవి: పట్టాదారు పాసుపుస్తకము ఫొటోను, కాలముచేసిన పెద్దల చిత్రములను, వారి కంఠధ్వనులను కంప్యూటరునందో మెమరీ కార్డునందో దాచుడు. ఖాతా పేరును, పాస్‌వర్డును ఒక పుస్తకములో వ్రాసి పెట్టెలో పెట్టుడు. నక్షత్రము, హాష్, సున్న, ఆరు, హాష్ అని నొక్కి, కనబడిన సంఖ్యను దాని ప్రక్కనే వ్రాయుడు. ఫర్మ్‌వేర్‌ను తయారీదారు మరల ఈయగలడు. తండ్రి కంఠము నెవరును మరల ఈయలేరు.