మన పిల్లల మొదటి నర్సుద్యోగము

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఈ యేడు మీలో పలువురు మమ్ములను అడిగిన ప్రశ్న యొకటే. “పిల్ల నర్సింగు చదివినది. తెలుగుబడిలో చదివినదానికి ఈ రాష్ట్రములో ఉద్యోగ మెవ రిత్తురు?” ఈ భయములో కొంత నిజమున్నది, కొంత అపోహ యున్నది. రెంటిని వేరుచేసి చెప్పుటకే నేడు నిలిచితిమి.

ముందు నిజము. తమిళనాడు ప్రభుత్వాసుపత్రులకు నర్సులను ఎంపిక చేయునది 2012లో ఏర్పడిన వైద్య సేవల నియామక మండలి. 2015 నుండి ఈ ఎంపిక పోటీపరీక్ష ద్వారా జరుగుచున్నది. 2021 డిసెంబరు నాటి ప్రభుత్వోత్తరువు ఇట్టి నియామక పరీక్ష లన్నింట తమిళ పత్రమును తప్పనిసరి గావించినది. అది పదవ తరగతి స్థాయిది. నూటికి 40 మార్కులు రావలెను. రానిచో తక్కిన పత్రము ఎంత చక్కగా వ్రాసినను దిద్దరు. మనలో కొందరము పదవ తరగతి తమిళ పరీక్షనుండి మినహాయింపు కోరి న్యాయస్థానము వరకు పోయితిమి. అది మన హక్కు, అందులకు చింతింపము. కాని పరీక్ష తప్పినది గదా యని తమిళమును చదువుటయే మానిన పిల్లకు ఆరేడేండ్ల తరువాత అదే పరీక్ష ఉద్యోగపు గుమ్మమున ఎదురగుచున్నది. ఈ సంగతి మీకు ముందే చెప్పకపోవుట మా లోపము.

“అట్లయిన ఆంధ్రకే పోవుదుము, సూళ్లూరుపేట యెంత దూరము?” అని ఒక తండ్రిగారు పలికిరి. దూరము కొద్దియే. కాని 1975 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి అచ్చటి ప్రభుత్వోద్యోగములలో అధికభాగము స్థానికులకు పోవును. స్థానికతను నిర్ణయించుటకు చదివిన చోటును, నివసించిన చోటును చూతురు గాని మాతృభాషను చూడరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఇటు వచ్చినది, సత్యవేడు అటు పోయినది. ఆనాడు గీసిన గీత మన పిల్లల దరఖాస్తులలో నేటికిని కనబడుచున్నది. నెల్లూరు, తిరుపతి ప్రైవేటు ఆసుపత్రులకు ఈ అడ్డు లేదు. అయినను అచ్చట పనిచేయవలెనన్న ఆ రాష్ట్రపు నర్సుల మండలిలో పేరు నమోదు కావలెను.

నమోదు మాట వచ్చినది గనుక ఒక కథ చెప్పెదము. పట్టా చేతికి వచ్చినంతమాత్రమున నర్సు కాజాలదు. 1926 నాటి మదరాసు చట్టమునుండి పుట్టిన మన రాష్ట్ర నర్సుల మండలి పట్టికలో పేరెక్కవలెను. మా పూర్వ విద్యార్థిని యొకతె పదవ తరగతి పత్రములో తండ్రి పేరి మొదటి అక్షరము ఇనీషియలుగా నున్నది. ఆధారు కార్డులో తెలుగువారి వాడుకప్రకారము ఇంటిపేరు మొదట నున్నది. ఒకే పిల్ల రెండు పేర్లది అయినది. సరిదిద్దించుటకు రెండు మాసములు పట్టెను. ఈలోగా ఆమెకై ఉంచిన స్థానము మరొకరికి పోయెను. పదవ తరగతి పేర్లు పంపునాడు మేమును చూడలేదు, ఇంటివారును చూడలేదు.

ఆ పిల్లయే తరువాత చెన్నపట్టణములో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ముఖాముఖికి పోయినది. ఇంగ్లీషులో తడబడినది, తమిళములో కొంత నయమనిపించినది. మేట్రను ఆమెను వార్డులోనికి తీసికొనిపోయి, నాయుడుపేట నుండి వచ్చిన ఒక వృద్ధురాలి మంచము చూపెను. ముసలమ్మకు నొప్పి యని తప్ప ఎవరికిని ఏమియు బోధపడలేదు. మన పిల్ల ప్రక్కన కూర్చుండి, “సలుపా అవ్వా, పోటా, తీపా?” అని అడిగెను. ఈ మూడును ఒకటి కావని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. అవ్వ చెప్పినది, పిల్ల వైద్యునికి తెలిపినది. మరుసటి సోమవారము ఉద్యోగమున చేరినది.

ఇది అబ్బురము కాదు. సెంట్రల్ స్టేషను ఎదుటనున్న పెద్దాసుపత్రికి, 1871లోనే నర్సుల శిక్షణ మొదలైన ఆ చోటికి, నెల్లూరు, చిత్తూరు సీమల రోగులు తరతరములుగా దిగుచున్నారు. నగరపు ప్రైవేటు ఆసుపత్రులకును వారు వచ్చుచున్నారు. కనుక దరఖాస్తులో తెలిసిన భాషలు వ్రాయుచోట తెలుగును సిగ్గుపడి కడపట వ్రాయవద్దని పిల్లలకు చెప్పుడు. తమిళమును దాని ప్రక్కనే వ్రాయగలుగునట్లు చదివింపుడు.

జీతము సంగతి. 2015లో మండలి ద్వారా ఒప్పందముపై చేరినవారికి మొదట నెలకు 7,700 రూపాయలే యిచ్చిరి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశముపై ఏర్పడిన సంఘము, ఏబది పడకలకు లోబడిన ప్రైవేటు ఆసుపత్రిలో సైతము నర్సునకు 20,000కు తక్కువ కారాదని సిఫారసు చేసెను. సిఫారసు చట్టము కాదు. చిన్న నర్సింగుహోములలో దీని నెత్తిన నవ్వుదురు. అయినను అడుగుటకు ఆ అంకె తెలిసియుండవలెను.

మా మట్టుకు, మొదటి రెండేండ్లు జీతముకంటె పడకల సంఖ్యను చూడుడనియే చెప్పుదుము. డిప్లొమా చదివినవారు ఎయిమ్స్ నర్సింగు ఆఫీసరు పరీక్షకు కూర్చుండవలెనన్న 50 పడకల ఆసుపత్రిలో రెండేండ్ల అనుభవము చూపవలెను. ఇంటి ప్రక్క పది పడకల చోట ఐదేండ్లు చేసినను అది లెక్కకు రాదు. చేరునపుడు మూలపత్రములను చూపుడు, నకళ్ల నిండు. మూలములను అప్పగించి రావలదు. రాత్రి డ్యూటీకి వసతి గలదా, లేక వేకువ లోకల్ రైలుకై నిలువవలెనా యని తండ్రియో తల్లియో వెళ్లి కన్నులార చూచి రండు.

వచ్చు జూను నుండి శనివారము మధ్యాహ్నములందు పదవ తరగతి మొదలు పైవారికి తమిళ పాఠము జరుగును, రుసుము లేదు. పూర్వ విద్యార్థినులును రావచ్చును. పిల్లల పత్రములలో ఇంటిపేరు, ఇనీషియలు సరిచూచుకొనదలచిన వారికొరకు, సభ ముగిసిన పిదప కార్యాలయపు గదిలో మేము కూర్చుండెదము. ఆధారు కార్డును మరువక తెండు.