పెదవులు తడిపితే పగుళ్ళు తగ్గవు

ధనుర్మాసం వచ్చింది. తెల్లవారుజామున లేచి వాకిట్లో ముగ్గు పెట్టే వాళ్ళకీ, చలిగాలిలో పొలం వెళ్ళే వాళ్ళకీ, స్కూలు బస్సు కోసం నిలబడే పిల్లలకీ పెదవులు మంటపుట్టే రోజులివి. మీరు పంపిన ఉత్తరాల్లో ఒకటి ఆదిలాబాద్ జిల్లా నుంచి ఒక తల్లి రాసింది. “మా పాప నవ్వితే చాలు, కింది పెదవి చిట్లి రక్తం వస్తోంది. నెయ్యి రాశాను. బొడ్డులో కొబ్బరినూనె వేశాను. వేడి చేసిందేమోనని సబ్జా నీళ్ళు తాగించాను. ఎండిపోయినప్పుడల్లా నాలుకతో తడుపుకోమని కూడా చెబుతున్నాను” అని.

అమ్మా, మిగతావన్నీ సరే, ఆ చివరి మాట దగ్గర నాకు మనసు చివుక్కుమంది. ఎన్ని ఏళ్ళుగా చెబుతున్నా వదలని అలవాటు ఇది. పొడిబారితే తడపాలి, తడిపితే మెత్తబడుతుంది అని మనందరి లెక్క. మరి రోజూ అంట్లు తోమి, బట్టలు ఉతికే చేతులు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి కదా! అవెందుకు పగులుతున్నాయి? తడిసిన ప్రతిసారీ ఆరుతాయి. ఆరినప్పుడల్లా ఆ నీళ్ళు చర్మంలో ఉన్న తేమను కూడా కాస్త పట్టుకుపోతాయి. పెదవికీ అంతే. పైగా పెదవి మీది చర్మం చాలా పలచన. ఒంటి మీద ఉన్నట్టు అక్కడ చెమట పట్టదు, నూనె ఊరదు. తనను తాను కాచుకునే సరంజామా దానికి లేదు.

ఇంకోటి. అన్నం ముద్ద బాగా నమిలితే తియ్యబడుతుంది, గమనించారా? అది ఉమ్మి చేసే పని. తిండిని అరిగించడానికి ఉన్న రసం అది. దాన్ని రోజుకు వందసార్లు పలచని పెదవి మీద పూస్తే చర్మం ఊరుకుంటుందా?

కిందటి సంక్రాంతి ముందు ఒక నానమ్మ ఎనిమిదేళ్ళ మనవణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చింది. నోటి చుట్టూ ఎర్రగా, గుండ్రంగా, నేరేడు పండు తిని మూతి తుడుచుకోనట్టు ఒక వలయం. అంచు మాత్రం గీత గీసినట్టుంది. “వీడికి వేడి చేసింది డాక్టరమ్మా, మజ్జిగ పోస్తున్నా తగ్గట్లేదు” అంది. నేను చీటీ రాస్తూ ఓరకంట చూస్తున్నాను. ఆ కాసేపట్లోనే వాడి నాలుక పదకొండుసార్లు బయటికొచ్చింది. “ఏదీ నాన్నా, నాలుక చాపి ఒకసారి చుట్టూ తిప్పు” అన్నాను. తిప్పాడు. నాలుక ఎంతవరకు అందిందో ఆ ఎరుపు సరిగ్గా అంతవరకే ఉంది. నానమ్మ నోరెళ్ళబెట్టింది. “అయ్యో, తడుపుకోరా అని చెప్పింది నేనేనమ్మా” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమెను కోప్పడబోయి ఆగిపోయాను. ఆమెకూ వాళ్ళమ్మ అదే చెప్పి ఉంటుంది.

చిన్న పెట్రోలియం జెల్లీ డబ్బా వాడి చొక్కా జేబులో పెట్టించాను. నాలుక బయటికి రాబోయినప్పుడల్లా వేలు డబ్బాలోకి వెళ్ళాలి అన్నాను. మొదటి నాలుగు రోజులు బడిలో మర్చిపోయాడట. టీచరమ్మ గుర్తు చేయడం మొదలుపెట్టాక దారిలో పడ్డాడు. మూడో వారం వచ్చేసరికి వలయం వెలిసిపోయింది. మాట్లాడుతూ నానమ్మ తన పెదవి తడుపుకోబోతే “నానమ్మా, నాలుక!” అన్నాడు వాడు.

ఆ జెల్లీ కొత్త మందేం కాదు. 1872లోనే అమెరికాలో రాబర్ట్ చీజ్‌బ్రో అనే ఆయన వాజెలైన్ పేరుతో పేటెంటు తీసుకున్నాడు. 150 ఏళ్ళు దాటినా పెదవులకు నేను రాసేది అదే. అది తేమను తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని పోనివ్వదు. అందుకే ముఖం కడుక్కుని, మెత్తటి గుడ్డతో అద్ది, ఇంకా కాస్త చెమ్మ ఉండగానే రాయాలి. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె తప్పని అనను. అయితే నెయ్యి కమ్మగా ఉంటుంది కదా, పిల్లలు నాకేస్తారు, కథ మళ్ళీ మొదటికొస్తుంది. పళ్ళ వాసన వేసే రంగురంగుల బామ్‌లతోనూ ఇదే చిక్కు. కర్పూరం, పుదీనా పువ్వు కలిసినవి జివ్వుమంటే పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది గానీ, పగిలిన పెదవికి అవి మంటే పెడతాయి. బొడ్డులో వేసే ఆ నూనె చుక్కను పెదవి మీదే వేయండి. లేచిన పొరలను గోటితో, పంటితో పీకకండి.

నోటి మూలల్లో చీలితే అది వేరే సంగతి. కట్టుడు పళ్ళ దగ్గర తడి చేరి ఫంగస్ పట్టినా, ఒంట్లో ఇనుము, బి విటమిన్లు తగ్గినా అలా అవుతుంది. మందుల షాపులో మీకు మీరే మాత్రలు కొనుక్కోకండి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడే పిల్లలకు పెదవులు ఎండటం మామూలే, రాసిన డాక్టరుకు చెప్పండి. ఏళ్ళ తరబడి ఎండలో పనిచేసేవాళ్ళు, చుట్ట, బీడీ, గుట్కా అలవాటున్నవాళ్ళు మాత్రం కింది పెదవి మీద పుండు గానీ, గరుకు మచ్చ గానీ మూడు వారాలకు మించి మానకపోతే ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే చూపించుకోండి.

ఆదిలాబాద్ అమ్మా, ఈ రాత్రి పాప పడుకునే ముందు జెల్లీ మందంగా రాయండి. ముక్కు దిబ్బడ వేసి నోటితో గాలి పీలుస్తోందేమో అదీ చూడండి. పది రోజులాగి మళ్ళీ ఉత్తరం రాయండి. రాసేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకుని, ఉత్తరం పూర్తయ్యేలోగా నాలుక ఎన్నిసార్లు బయటికొచ్చిందో లెక్కపెట్టి అదీ రాయండి.